గర్భసంచి ఆపరేషన్ తర్వాత తోక ఎముక నొప్పి: కూర్చోవడం నుంచి లేవడం దాకా ఏం చేయాలి

గర్భసంచి తీసేసే ఆపరేషన్ అంటే పొత్తికడుపు నొప్పి ఉంటుందని అందరూ చెబుతారు. కుట్ల దగ్గర సలుపు, కడుపులో గ్యాస్ పట్టేయడం, నీరసం లాంటివాటికి మనసు ముందే సిద్ధపడి ఉంటుంది. తోక ఎముక నొప్పి సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. కడుపు నొప్పి కాస్త తగ్గుముఖం పట్టేసరికి, పిరుదుల మధ్య చీలిక మొదలయ్యే చోట, వెన్ను చిట్టచివర ఒక్క చోటే కలుక్కుమంటుంది. కూర్చుంటే గుచ్చుతుంది, లేవబోతే ప్రాణం పోతుంది. కోసింది ముందువైపు, నొప్పి వెనకవైపు. దాంతో లోపల ఏదైనా తేడా జరిగిందేమోనన్న టెన్షన్ పట్టుకుంటుంది.

చాలాసార్లు అలాంటిదేమీ ఉండదు. ఆపరేషన్ కన్నా, ఆ తర్వాత మనం విశ్రాంతి తీసుకునే తీరే ఈ నొప్పిని ఎక్కువ పెంచుతుంది. మెత్తటి సోఫాలో జారగిలబడి, లేదా మంచం మీద దిండ్లకు చేరగిలబడి గంటల తరబడి ఉండిపోవడం కడుపుకి హాయిగానే ఉంటుంది. ఆ బరువు మోసేది మాత్రం తోక ఎముక. అందుకే ఈ వ్యాసమంతా ప్రధానంగా ఒక్క విషయం చుట్టూ తిరుగుతుంది: కోలుకునే రోజుల్లో పడుకోండి, నడవండి, తక్కువసేపు సరిగ్గా కూర్చోండి. ఈ మూడింటికీ మధ్యలో ఉండే సగం కూర్చోవడం, సగం పడుకోవడం తగ్గించండి.

ముందు ఇవి లేవని చూసుకోండి

ఏ చిట్కా పాటించే ముందైనా కింది లక్షణాలు ఉన్నాయేమో గమనించండి. ఒక్కటి ఉన్నా తర్వాతి చెకప్ దాకా ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయండి.

- 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్, దాటిన జ్వరం, వణుకు
- దుర్వాసనతో తెల్లబట్ట, లేదా గంటకో ప్యాడ్ తడిసిపోయేంత రక్తస్రావం
- యోనిలోంచి ఉన్నట్టుండి నీరు కారడం, ఏదో కిందికి జారి బయటికి వస్తున్నట్టు అనిపించడం
- మూత్రం రాకపోవడం, లేదా తెలియకుండానే మూత్రమో మలమో పోవడం
- తొడల లోపలివైపు, మలద్వారం చుట్టూ మొద్దుబారిపోవడం, కాళ్లలో బలం తగ్గడం
- ఒక కాలి పిక్క వాచి, వేడెక్కి, నొప్పి పెట్టడం
- మలద్వారం లోపలివైపు రోజురోజుకీ పెరిగే బరువు, ఒత్తిడి, పోటు
- వాంతులతో పాటు కడుపు ఉబ్బిపోయి గ్యాస్ కూడా పోకపోవడం

ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే ఫోన్లు చేస్తూ కూర్చోకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి. మలద్వారం వైపు పెరిగే ఒత్తిడిని చాలామంది మలబద్ధకం అనుకుని ఊరుకుంటారు. కటి లోపల రక్తం గడ్డకట్టినా, చీము చేరినా కూడా అలాగే అనిపించవచ్చు. ఆ నొప్పి సాధారణంగా కూర్చున్నా పడుకున్నా ఒకేలా ఉంటుంది, దానికి జ్వరం తోడవొచ్చు. తోక ఎముక నొప్పి అలా కాదు, భంగిమను బట్టి మారుతుంది.

అసలు అక్కడ నొప్పెందుకు?

తోక ఎముక చిన్నదే. మూడు నుంచి ఐదు చిన్న పూసలు ఒకదానికొకటి అతుక్కుని, కొస ముందుకు వంగి ఉంటుంది. ఎముక చిన్నదైనా దాన్ని పట్టుకుని ఉన్నవి చాలా ఉన్నాయి. వెనక నుంచి పిరుదుల పెద్ద కండరం, ముందు నుంచి మూత్రాశయాన్నీ పేగునీ కింద ఉయ్యాలలా మోసే కటి కండరాలు, మలద్వారం దగ్గరి స్నాయువు, అన్నీ దానికే అతుక్కుని ఉంటాయి. ఆ కండరాలు బిగిస్తే ఎముక ముందుకు లాగబడుతుంది, వదిలితే వెనక్కి వస్తుంది.

గర్భసంచి ఆపరేషన్ ఈ అమరికను రకరకాలుగా కదిలిస్తుంది. యోని ద్వారా చేసినా, లాపరోస్కోపీతో, అంటే చిన్న రంధ్రాల గుండా కెమెరా పెట్టి, చేసినా కాళ్లు పైకెత్తి స్టిరప్స్‌లో, అంటే కాళ్లు నిలిపి ఉంచే ఆధారాల్లో, పెడతారు. లాపరోస్కోపీలోనూ రోబోటిక్ ఆపరేషన్‌లోనూ పేగులు పైకి జరగడానికి తల కిందికి, నడుము పైకి ఉండేలా బల్లను వంచుతారు. మత్తులో ఉన్న శరీరం నొప్పి పుట్టినా పక్కకు జరగలేదు కాబట్టి ఆ ఒత్తిడి త్రికాస్థి (తోక ఎముకకి సరిగ్గా పైనుండే వెడల్పాటి ఎముక), తోక ఎముకల మీద పడుతుంది. ఇక గర్భసంచిని వెనక త్రికాస్థికి కట్టి ఉంచే స్నాయువులు ఉంటాయి. గర్భాశయ ముఖద్వారంతో సహా తీసేటప్పుడు వాటిని కోసి కట్టాలి. ఆ లాగుడు నడుము కింద, వెన్ను చివర కొన్నాళ్లు తెలుస్తుంది.

ఆ తర్వాత మన వంతు మొదలవుతుంది. కుట్లు ఎక్కడ తెగుతాయో అన్న భయంతో కింది కండరాలను తెలియకుండానే బిగబట్టి ఉంచుతాం. దగ్గితే బిగిస్తాం, తుమ్మితే బిగిస్తాం, లేచేటప్పుడైతే చెప్పనే అక్కర్లేదు. రోజంతా బిగుసుకుని ఉన్న కండరం తాను అతుక్కున్న ఎముకను రోజంతా లాగుతూనే ఉంటుంది. దీనికి మలబద్ధకం తోడైతే చెప్పాల్సిన పనే లేదు.

ఇదేమీ కొత్తగా కనిపెట్టిన బాధ కాదు. ప్రసవాల్లో క్లోరోఫాం వాడకానికి దారివేసిన ఎడిన్‌బరో వైద్యుడు జేమ్స్ యంగ్ సింప్సన్ 1859 నాటికే దీనికి వైద్యపరంగా ఒక పేరు పెట్టాడు. మగవాళ్లకన్నా ఆడవాళ్లలో ఇది ఎన్నో రెట్లు ఎక్కువ. అందుకే డాక్టర్ దగ్గర చెప్పడానికి మొహమాటపడాల్సిన పని లేదు.

నొప్పి సరిగ్గా ఎక్కడో పట్టుకోండి

పక్కకు తిరిగి పడుకుని, మోకాళ్లు కొద్దిగా ముడిచి, వేలితో వెన్ను మధ్యగా కిందికి జరుపుతూ రండి. పిరుదుల చీలిక మొదలయ్యే చోట గట్టిగా తగిలేదే తోక ఎముక. మెల్లగా నొక్కితే సరిగ్గా అక్కడే 'అదిగో అదే' అనిపించిందంటే ఇది తోక ఎముక నొప్పే అనుకోవచ్చు. కూర్చుంటే ఎక్కువ, లేచే క్షణంలో ఇంకా ఎక్కువ, నిలబడితే తగ్గుముఖం: ఇదీ దాని నడవడి.

వేలితో నొక్కితే ఏమీ లేదు, కానీ ఒక పక్క పిరుదు లోతుల్లో నొప్పి ఉందంటే దారి వేరు. గర్భసంచితో పాటు జారిన యోనిని పైకి ఎత్తి కట్టే ఆపరేషన్ కూడా చేశారేమో మీ డిశ్చార్జ్ కాగితాల్లో చూడండి. ఆ కుట్టును కటి వెనకభాగంలో ఉండే స్నాయువుకి వేసినప్పుడు, కుట్టు వేసిన పక్క పిరుదులో నొప్పి రావడం మామూలే. సాధారణంగా కొన్ని వారాల్లో తగ్గుతుంది. మెలకువ వచ్చినప్పటి నుంచే భరించలేనంత నొప్పి కాలిలోకి పాకుతుంటే మాత్రం నరం కుట్టులో చిక్కుకుని ఉండవచ్చు. అది వెంటనే సర్జన్‌కి చెప్పాల్సిన విషయం.

చర్మాన్ని కూడా ఒకసారి ఎవరితోనైనా చూపించుకోండి, లేదా ఫోన్ కెమెరాతో మీరే చూసుకోండి. ఒకే భంగిమలో ఎక్కువసేపు పడుకుంటే అక్కడ ఒత్తిడి పుండు మొదలయ్యే ప్రమాదం ఉంది. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ ఎర్రబడాలి. తెల్లబడకపోతే అది పుండుకి తొలి గుర్తు. చామనఛాయ, నలుపు చర్మంలో ఎరుపు తెలియకపోవచ్చు, అప్పుడు చుట్టూ ఉన్న చర్మం కన్నా నల్లగా, వేడిగా, గట్టిగా ఉందా అన్నది చూడాలి. చీలికలో వాపు, చీము, చిన్న రంధ్రం కనిపించినా డాక్టర్‌కి చూపించాల్సిందే.

కూర్చోవడం మళ్లీ నేర్చుకోవాలి

ఎక్కువ తేడా కనిపించేది ఇక్కడే. సరిగ్గా కూర్చున్నప్పుడు బరువు పిరుదుల కింద చెరో పక్క ఉండే రెండు గట్టి ఎముకల మీద పడుతుంది. వెనక్కి జారగిలబడగానే ఆ బరువు తోక ఎముక మీదికి వెళ్తుంది. అరచేతుల మీద కూర్చుని చూస్తే మీకే అర్థమవుతుంది. నిటారుగా ఉన్నప్పుడు చేతికి రెండు ఎముకలు గుచ్చుకుంటాయి. నడుము వంచి వెనక్కి వాలితే అవి మాయమవుతాయి. కూర్చున్న ప్రతిసారీ ఆ రెండూ కింద తగులుతున్నాయో లేదో గమనించండి.

కుర్చీ మరీ మెత్తగా ఉండకూడదు. సీటు గట్టిగా, పాదాలు రెండూ నేల మీద పూర్తిగా ఆనేంత ఎత్తులో ఉండాలి. నడుము వెనక చిన్న దిండు పెట్టుకుని, ఛాతీని కాస్త ముందుకు ఉంచండి. కడుపు ఇబ్బంది పెడుతుంటే ముందు టేబుల్ మీద మోచేతులు ఆనించి కూర్చోవచ్చు. కాలు మీద కాలు వేసుకోవడం, నేల మీద మఠం వేసుకోవడం కొన్నాళ్లు మానేయండి. మఠంలో తెలియకుండానే నడుము వెనక్కి గుండ్రంగా వంగుతుంది, పైగా నేల మీంచి లేవడం కుట్లకు కూడా పరీక్షే.

దిండు విషయానికొస్తే, వెనక అంచున 'యూ' ఆకారంలో కోత ఉన్న దిండు తీసుకోండి. కోత వెనక్కి రావాలి. ఇది తిరగేసి వాడేవాళ్లూ ఉన్నారు. దిండు సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి, కూర్చున్నాక వెనక నుంచి ఆ కోతలోకి వేళ్లు దూర్చి చూడండి. తోక ఎముకకీ కుర్చీకీ మధ్య వేళ్లు తేలిగ్గా ఆడాలి. ఎముక ఇంకా ఆనుతుంటే ఫోమ్ మరీ మెత్తగా ఉన్నట్టు, మీ బరువుకి అణిగిపోతోందన్నమాట. గట్టి ఫోమ్ కావాలి. సోఫా మీద ఈ దిండు వేసుకుని ప్రయోజనం లేదు, రెండూ కలిసి కుంగిపోతాయి.

గుండ్రంగా, మధ్యలో రంధ్రం ఉండే గాలి దిండు మీద నాకైతే పెద్దగా నమ్మకం లేదు. చాలామందికి దాని అంచు సరిగ్గా తోక ఎముక కిందికే వస్తుంది. పైగా మధ్యలో ఆధారం లేకపోవడంతో కింది భాగం, అంటే అప్పుడే కుట్లు పడిన కటి అడుగు, ఆ రంధ్రంలోకి వేలాడినట్టవుతుంది. హాయిగా ఉందనిపిస్తే వాడుకోండి, కానీ అదే మందు అనుకోవద్దు.

దిండు కొనేలోపు రెండు మందపాటి స్నానపు తువ్వాళ్లు చాలు. ఒక్కోదాన్ని పొడవుగా, చదునైన పట్టీలా మడవండి. కుర్చీ మీద రెండింటినీ ముందు నుంచి వెనక్కి సమాంతరంగా పరచి, మధ్యలో మూడు వేళ్ల సందు వదలండి. ఒక్కో పిరుదు ఒక్కో తువ్వాలు మీద ఉండాలి, తోక ఎముక ఆ సందు మీదికి రావాలి. చూడటానికి ఏమంత బాగుండదు గానీ బాగా పనిచేస్తుంది.

ఎంతసేపు కూర్చోవచ్చు? మొదట్లో 20 నిమిషాలు మించొద్దు. నొప్పి మొదలయ్యాక లేవడం కాదు, మొదలవకముందే లేవాలి. ఫోన్‌లో అలారం పెట్టుకోండి. టీవీ చూడటం, ఫోన్ మాట్లాడటం లాంటివి పక్కకు తిరిగి పడుకునో, నిలబడో చేయొచ్చు. భోజనం, మందులు, పలకరించడానికి వచ్చినవాళ్లతో మాటలు అన్నీ ఒకేసారి కూర్చుని కానిచ్చేద్దామనుకోవద్దు. వచ్చినవాళ్లు ఎంతసేపు కూర్చుంటే అంతసేపు మీరూ కూర్చోవాలన్న రూలేం లేదు. "మీరు కూర్చోండి, నేను పడుకుని మాట్లాడతా" అంటే ఎవరూ ఏమీ అనుకోరు.

లేచే ఆ రెండు క్షణాలు

తోక ఎముక నొప్పికి అసలు పరీక్ష లేచేటప్పుడే. వెనక్కి వాలి ఉన్నచోటు నుంచి ఒక్కసారిగా లేస్తే బరువంతా ఆ ఎముక మీదుగా దొర్లి వస్తుంది. దాన్ని ఇలా తప్పించవచ్చు.

ముందు కుర్చీ అంచుదాకా జరగండి. ఒక్కసారిగా కాకుండా కుడి పిరుదు, ఎడమ పిరుదు ఒకదాని తర్వాత ఒకటి జరుపుతూ రండి. పాదాలను మోకాళ్లకన్నా కొద్దిగా వెనక్కి పెట్టండి. ఒక చేత్తో చిన్న దిండును కడుపుకి అదుముకుని, రెండో చేయి కుర్చీ చేతి మీద వేయండి. నడుము దగ్గర కాకుండా తుంటి దగ్గర వంగుతూ ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేదాకా ముందుకు వాలండి. అప్పటికే కుర్చీ మీంచి బరువు తగ్గిపోతుంది. ఇప్పుడు నోటితో గాలి వదులుతూ, పిరుదులను కొద్దిగా బిగించి, కాళ్ల బలంతో లేవండి. ఊపిరి బిగబట్టొద్దు. బిగబడితే కడుపులో ఒత్తిడి పెరిగి కింది కుట్ల మీద పడుతుంది.

కూర్చునేటప్పుడు ఇదే తిరగేయండి: కుర్చీ అంచు మీ కాళ్లకు వెనకవైపు తగిలాక ముందుకు వంగి, మెల్లగా దిగండి. దబ్బున కూలబడటం ఎంత మాత్రం పనికిరాదు.

మంచం మీంచైతే నేరుగా లేచి కూర్చోవద్దు. మోకాళ్లు ముడిచి, భుజాలు, తుంటి ఒకేసారి కదిలేలా మొత్తం శరీరం ఒక పక్కకు తిప్పండి. కాళ్లు మంచం అంచు నుంచి కిందికి వదిలి, అదే సమయానికి కింది మోచేయి, పై చేయి సాయంతో పైకి లేవండి. కూర్చున్నాక ఒక నిమిషం ఆగండి, కళ్లు తిరగడం లేదని చూసుకుని నిలబడండి.

పడుకునేటప్పుడు

పక్కకు తిరిగి పడుకోవడం తోక ఎముకకి అన్నిటికన్నా మేలు. మోకాళ్ల మధ్య ఒక దిండు, కడుపు కింద వేలాడుతున్నట్టు అనిపిస్తే ముందువైపు మరో చిన్న దిండు. వీపు వెనక కూడా ఒకటి పెట్టుకుంటే నిద్రలో వెల్లకిలా దొర్లకుండా ఆపుతుంది. రెండు పక్కలా మార్చి మార్చి పడుకోండి.

వెల్లకిలా పడుకోక తప్పకపోతే మోకాళ్ల కింద దిండు పెట్టుకోండి. నడుము చదునుగా పడి, ఒత్తిడి ఎక్కువ చోటికి పంచుకుంటుంది. బోర్లా పడుకోవడం తోక ఎముకకి హాయే గానీ, మొదటి వారాల్లో కడుపు కుట్ల మీద బరువు పడుతుంది కాబట్టి డాక్టర్ సరేననేదాకా ఆగాలి.

తల ఎత్తుగా పెట్టుకోవాల్సి వస్తే, ఉదాహరణకు తినడానికో గ్యాస్ వల్లో, ముందు మోకాళ్ల కింద దిండు పెట్టి ఆ తర్వాత వీపు ఎత్తు చేసుకోండి. ఆసుపత్రి మంచమైనా అంతే, ముందు మోకాళ్ల భాగం, తర్వాత తల భాగం. ముందే తల ఎత్తితే శరీరం మెల్లమెల్లగా కిందికి జారుతుంది. చర్మం పరుపుకి అతుక్కుని ఎముక మాత్రం జారడంతో ఆ చోటంతా ఒరుసుకుపోతుంది. తిన్నాక మళ్లీ చదునుగా అయిపోండి.

మలబద్ధకాన్ని వదలకండి

పెద్దపేగు చివరి భాగం సరిగ్గా తోక ఎముక ముందు నుంచే వెళ్తుంది. అక్కడ గట్టి మలం నిండి ఉంటే ఆ ఎముక మీద లోపలి నుంచి నొక్కుడు, ముక్కినప్పుడు ఇంకా పెద్ద లాగుడు. మత్తుమందు పేగుల్ని మందగింపజేస్తుంది. ట్రమడాల్, కోడీన్ లాంటి ఘాటైన నొప్పి మాత్రలు, ఐరన్ మాత్రలు దాన్ని ఇంకా పెంచుతాయి. ఘాటైన నొప్పి మాత్రలు రాసిచ్చారంటే వాటితో పాటే విరేచనం మెత్తబడే మందు కూడా కావాలా అని ఆరోజే అడగండి. మూడు రోజులు ఆగి అడగడం ఆలస్యమే.

లాక్టులోజ్ సిరప్, పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి పేగులోకి నీటిని లాగి మలాన్ని మెత్తబరుస్తాయి. పీచు పొడి, ఇసబ్గోల్ లాంటివి మామూలు రోజుల్లో మంచివే. అయితే ఘాటైన నొప్పి మాత్రలు వాడుతూ, నీళ్లు సరిగ్గా తాగకుండా పీచు పొడి వేసుకుంటే అది లోపల ముద్దకట్టి కూర్చుంటుంది. ఆ మాత్రలు ఆపాక, నీళ్లు బాగా తాగగలిగినప్పుడు మొదలుపెట్టడం నయం. ఎనిమా, మలద్వారంలో పెట్టే మందులు డాక్టర్‌ని అడక్కుండా వాడొద్దు.

తిన్నాక పేగులు వాటంతటవే కదులుతాయి. పొద్దున ఏదైనా తిన్న అరగంటలోపు వెళ్తే సగం పని అదే చేస్తుంది. కమోడ్ మీద కూర్చుని పాదాల కింద ఒక జానెడు ఎత్తు పీట పెట్టండి, మోకాళ్లు తుంటికన్నా పైకి రావాలి. మోచేతులు మోకాళ్ల మీద ఆనించి ముందుకు వాలండి. ఈ భంగిమలో మలద్వారం దారి నిటారుగా అవుతుంది, తోక ఎముక కూడా గాల్లో ఉంటుంది. ముక్కకుండా, కొవ్వొత్తిని ఊదినట్టు నెమ్మదిగా గాలి వదులుతూ కడుపుని కాస్త ముందుకు వదలండి. కడుపు మీద తువ్వాలు మడిచి పట్టుకుంటే కుట్లకు ధైర్యంగా ఉంటుంది. ఐదు, పది నిమిషాల్లో కాకపోతే లేచి వచ్చేయండి, మళ్లీ వెళ్లొచ్చు. ఫోన్ మాత్రం బయటే వదిలేసి వెళ్లండి, ఆ సీటు మీద అరగంట కూర్చుంటే ఈ వ్యాసంలో చెప్పినవన్నీ వృథా.

మాత్రలు, చల్లని కాపడం, వేడి కాపడం

పారాసిటమాల్‌ని నొప్పి ముదిరాక కాకుండా, రాసిచ్చిన వేళకి క్రమం తప్పకుండా వేసుకుంటే ఎక్కువ ఉపయోగం. పెద్దవాళ్లకు 24 గంటల్లో 4 గ్రాములు గరిష్ఠ పరిమితి. బరువు తక్కువ ఉన్నవాళ్లకు, కాలేయ సమస్య ఉన్నవాళ్లకు ఇంకా తక్కువే. జలుబు మాత్రల్లో, కలిపి చేసిన నొప్పి మాత్రల్లో కూడా పారాసిటమాల్ ఉంటుంది, అట్ట మీద చదివి లెక్కలో కలుపుకోండి. ఐబుప్రోఫెన్ రకం మాత్రలు తోక ఎముక నొప్పికి బాగా పనిచేస్తాయి గానీ కడుపులో పుండు, కిడ్నీ జబ్బు ఉన్నా, రక్తం గడ్డకట్టకుండా ఇంజెక్షన్లు తీసుకుంటున్నా సొంతంగా వేసుకోకూడదు.

ఐస్ ప్యాక్‌ని గుడ్డలో చుట్టి 10 నుంచి 15 నిమిషాలు పెట్టండి, రోజుకి మూడు నాలుగుసార్లు. ఎక్కువసేపు కూర్చోవాల్సి వచ్చిన రోజు సాయంత్రం ఇది హాయినిస్తుంది. పిరుదుల కండరాలు బిగుసుకుపోయినట్టు ఉంటే గోరువెచ్చని కాపడం మేలు. ఏది బాగుంటే అది, ఇందులో పంతం అక్కర్లేదు. స్పర్శ సరిగ్గా తెలియని చోట, కుట్ల మీద కాపడం పెట్టొద్దు. రెండింటిలో ఏదైనా పక్కకు తిరిగి పడుకునే పెట్టుకోండి, దాని మీద కూర్చోవద్దు. వేడినీళ్ల తొట్టిలో కూర్చోవడం చాలామందికి తోచే మొదటి ఉపాయం. యోని పైన లోపలి కుట్లు మానేదాకా, అంటే డాక్టర్ ఒప్పుకునేదాకా, తొట్టిలో మునగడం వద్దు.

బిగుసుకున్న కండరాలను వదులు చేయడం

ఆపరేషన్ అయ్యాక కింది కండరాలు బలంగా ఉండాలంటే వాటిని బిగించి వదిలే కెగెల్ వ్యాయామం చేయమని చెబుతారు. మంచి సలహాయే. కానీ తోక ఎముక నొప్పి ఉన్నవాళ్లలో ఆ కండరాలు చాలాసార్లు అప్పటికే బిగుసుకుని ఉంటాయి. వాటినే ఇంకా బిగిస్తే నొప్పి పెరుగుతుంది. బిగించిన ప్రతిసారీ వెనక లాగుతున్నట్టుంటే అది కొన్నాళ్లు ఆపి, ముందు వదలడం నేర్చుకోండి.

వెల్లకిలా పడుకుని మోకాళ్ల కింద రెండు దిండ్లు పెట్టండి, లేదా పక్కకు తిరిగి పడుకోండి. ఒక చేయి పక్కటెముకల మీద, ఒకటి పొట్ట మీద. ముక్కుతో నెమ్మదిగా గాలి పీల్చండి, పక్కటెముకలు పక్కలకు విచ్చుకోవాలి, పొట్ట మెల్లగా లేవాలి. అదే సమయంలో కింద, మూత్రం మొదలవబోయే క్షణంలో వదులైనట్టు, మలద్వారం చుట్టూ మెత్తబడి కిందికి దిగుతున్నట్టు వదిలేయండి. కిందికి నెట్టొద్దు, వదలడమే. గాలి నోటితో వదులుతున్నప్పుడు ఏమీ బిగించకండి. ఇలా ఎనిమిది పది ఊపిరులు, రోజుకి మూడు నాలుగుసార్లు. దవడ బిగపట్టకుండా పళ్లు విడిగా ఉంచండి. మొదటి రోజు కింద ఏం జరుగుతోందో తెలియకపోవచ్చు. కొన్ని రోజులకు, లేచేటప్పుడు తాము ఎంత బిగిస్తున్నారో చాలామందికి తెలిసివస్తుంది.

మోకాళ్లు ముడిచి పడుకుని, రెండింటినీ కలిపి కొద్దిగా కుడికి, కొద్దిగా ఎడమకు ఒరిగించడం, నడుముని పరుపుకి మెల్లగా ఆనించి వదలడం లాంటివి సాధారణంగా మొదటి రోజుల్లోనే చేయనిస్తారు. మోకాలిని ఛాతీ వైపు లాక్కునే సాగదీతలు మాత్రం కొన్ని వారాలు ఆగి, డాక్టర్‌నో ఫిజియోథెరపిస్ట్‌నో అడిగి మొదలుపెట్టండి. కడుపు వ్యాయామాలు, స్క్వాట్లు ఇప్పుడు వద్దు.

నడక, బరువులు, ప్రయాణం

నడకే ఇక్కడ మంచి మందు. పేగులు కదులుతాయి, కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం తగ్గుతుంది, తోక ఎముకకి విరామం దొరుకుతుంది. రోజుకొకసారి ఎక్కువదూరం కన్నా, కూర్చున్న ప్రతిసారీ లేచాక ఇంట్లోనే ఐదు నిమిషాలు నడవడం నయం. రక్తస్రావం పెరిగినా, మర్నాడు నీరసం ఎక్కువైనా కాస్త తగ్గించండి. పొట్ట కోసి చేసిన ఆపరేషన్‌కి మామూలు పనుల్లో పడటానికి సాధారణంగా 6 నుంచి 8 వారాలు పడుతుంది, లాపరోస్కోపీకో యోని ద్వారా చేసినదానికో కొంత తక్కువ. ఆ వారాల్లో బరువులు ఎత్తే విషయంలో మీ సర్జన్ చెప్పిన పరిమితే పాటించండి.

కారులో వెళ్లాల్సి వస్తే కోత ఉన్న దిండు వెంట తీసుకెళ్లండి. చాలా కారు సీట్లు వెనకవైపు లోతుగా ఉండి నడుముని గుండ్రంగా వంచేస్తాయి, ఆ గుంట నింపడానికి మడిచిన తువ్వాలు పనికొస్తుంది. సీటు బెల్టుకీ కడుపుకీ మధ్య చిన్న మెత్తటి దిండు పెట్టుకోవచ్చు. ఎక్కేటప్పుడు ముందు సీటు మీద కూర్చుని, తర్వాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పండి. దూరప్రయాణమైతే గంటలోపే ఆపి రెండడుగులు వేయండి. ఆఫీసుకి తిరిగి వెళ్లాక నిలబడి చేయగల పని ఏదుందో ముందే మాట్లాడుకోండి. ఫోన్ కాల్స్, చిన్న మీటింగులు నిలబడి కానిచ్చేయొచ్చు.

ఆరు వారాల చెకప్‌లో ఏం అడగాలి

ఇవన్నీ పాటిస్తే ఎక్కువమందికి కొన్ని వారాల్లో కూర్చునే సమయం పెరుగుతూ వస్తుంది. నొప్పి పూర్తిగా పోయిందా అని కాదు, పోయిన వారంకన్నా ఎక్కువసేపు కూర్చోగలుగుతున్నారా అన్నది చూసుకోండి. అది పెరగడం లేదంటే చెకప్‌లో ఆ మాట కచ్చితంగా ఎత్తండి. చెకప్ అంతా ముందు కుట్ల మీదే సాగుతుంది కాబట్టి, మీరు చెప్పకపోతే వెనక నొప్పి గురించి ఎవరూ అడగరు. 'నడుం నొప్పి' అని పొడిగా అనొద్దు. వేలితో చూపించి, కూర్చుంటే ఎక్కువా, లేస్తే ఎక్కువా, విరేచనం అప్పుడు ఎక్కువా, ఇంతకుముందు ఎప్పుడైనా కింద పడ్డారా, పాత ప్రసవంలో అక్కడ నొప్పి ఉండేదా, అన్నీ చెప్పండి. పాత దెబ్బ ఇప్పుడు బయటపడటం కూడా ఉంటుంది.

డాక్టర్ బయటి నుంచి నొక్కి చూస్తారు. అవసరమైతే మలద్వారం గుండా వేలితో ఎముక కదలికనీ కండరాల బిగుతునీ పరీక్షిస్తారు. ఇబ్బందిగా ఉంటుంది గానీ ఎక్కువ సంగతి తెలిసేది దాంతోనే. నిలబడి ఒకటి, కూర్చుని ఒకటి తీసే ఎక్స్‌రేలు ఎముక మామూలుకన్నా ఎక్కువ కదులుతోందా అన్నది చూపిస్తాయి. పడుకోబెట్టి తీసిన మామూలు ఎక్స్‌రేలో అది తెలియదు. ఇన్ఫెక్షన్, గడ్డ లాంటివాటి మీద అనుమానం ఉంటే ఎంఆర్ఐ చేయిస్తారు.

చికిత్సలో కటి కండరాల మీద ప్రత్యేక శిక్షణ ఉన్న ఫిజియోథెరపిస్ట్‌కి పంపడం ముందు మెట్టు. మామూలు నడుం నొప్పి ఫిజియోథెరపీకీ దీనికీ తేడా ఉంది. లోపలి కండరాలను చేత్తో వదులు చేసే పద్ధతి కావాలి, అది కుట్లు పూర్తిగా మానాకే చేస్తారు. రెండు మూడు నెలలు దాటినా తగ్గకపోతే తోక ఎముక దగ్గర స్టెరాయిడ్, మత్తుమందు కలిపిన ఇంజెక్షన్, లేదా ఆ ఎముక ముందున్న నరాల ముడిని మొద్దుబార్చే ఇంజెక్షన్ ఇస్తారు. తోక ఎముకను ఆపరేషన్ చేసి తీసేయడమూ ఉంది గానీ అది చిట్టచివరి మాట. మలద్వారానికి అంత దగ్గరి గాయం కాబట్టి ఇన్ఫెక్షన్ రిస్క్ ఎక్కువ. మిగిలిన దారులన్నీ నెలల తరబడి సరిగ్గా ప్రయత్నించకముందే ఎవరైనా నేరుగా ఆ మాటెత్తితే ఇంకో డాక్టర్ అభిప్రాయం తీసుకోండి.